గంజాయి - విశ్వవిద్యాలయములు - మన కర్తవ్యము

2022వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, విశాఖ మండలమున అనకాపల్లి చెంతనున్న కోడూరు గ్రామమున, ఆంధ్రప్రదేశ్ పోలీసువారు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని రాశులుగ బోసి అగ్నికి ఆహుతి గావించిరి. అంతకు ముందటి యేట ‘ఆపరేషన్ పరివర్తన’ యను పేర మన్యమునందలి గంజాయి తోటలు వేలాది యెకరములలో నరికివేయబడెను. ఈ వార్తలు విని సంతసించినవారిలో మేమును చేరినవారమే. గంజాయి మానుడని ఊరూర తిరిగి చెప్పిన స్వచ్ఛంద సేవకులలో మేమును ఉంటిమి. చదువుకొనవలసిన ప్రాయమున మత్తునకు లోబడి బుద్ధి చెడిన బిడ్డల తల్లుల కన్నీరు మేము చూచినదే. కావున ఈ వ్యాసము గంజాయి పక్షమున వకాల్తా పుచ్చుకొని వ్రాయుచున్నది కాదని పాఠకులు మొదటనే గ్రహింపవలెను.

అయినను ఆ మంట యారిన పిమ్మట ఒక ప్రశ్న మమ్ము విడువకున్నది. కాలిపోయిన ఆ రాశిలో ఏమున్నది? మత్తు గొలుపు ద్రవ్యమెంత? మత్తు గొలుపక వ్యాధి నుపశమింపజేయు ద్రవ్యమెంత? మన మన్యమున నేడు పెరుగు మొక్క మన తాతల నాటి మొక్కయేనా, లేక దానికంటె తీవ్రమైనదా? దాని పొగ పీల్చిన పదునారేండ్ల బాలుని మెదడున కేమగును? మూర్ఛలచే అల్లాడు పసిబిడ్డకు దానినుండి తీసిన ద్రవ్యము మేలు చేయునా? ఈ ప్రశ్నలకు పోలీసుశాఖ సమాధానము చెప్పజాలదు. అది దాని పనియు కాదు. సరకు అమ్ముకొను వర్తకుడు చెప్పినను మనము నమ్మజాలము. చెప్పవలసినది విశ్వవిద్యాలయము. ఈ పనిని ప్రజాధనముతో, ప్రజల యెదుట, తెలుగుదేశపు విశ్వవిద్యాలయములకు అప్పగింపవలెనని చెప్పుటయే నేటి మా యుద్దేశము.

ఇట్టి పరిశోధన పరాయిదేశముల పోకడ యని తలచువారు పొరబడుచున్నారు. ఇది బయలుదేరినది కలకత్తానుండి. 1839లో కలకత్తా వైద్యకళాశాలయందు రసాయనశాస్త్రోపాధ్యాయుడుగ నుండిన విలియం బ్రూక్ ఓషానెసీ యను ఐర్లండు వైద్యుడు గంజాయి గుణములను గూర్చి విపులమైన వ్యాసమును ప్రకటించెను. ఆతడు మొదట మన పండితుల నాశ్రయించెను. శవచ్ఛేదమునకు వెనుదీయక పేరుగాంచిన మధుసూదనగుప్తుడును, ఏషియాటిక్ సొసైటీ పండితుడగు కమలాకాంత విద్యాలంకారుడును సంస్కృత గ్రంథములలోని విషయములను ఆతనికి తెలిపిరి. పిమ్మట ఆతడు ఆ మందును జంతువుల కిచ్చి చూచెను. ఆ తరువాతనే రోగుల కిచ్చెను. కీళ్లవాతము, కలరా, ధనుర్వాతము, పిచ్చికుక్క కాటు - వీనియందు దానిని ప్రయోగించి, ఫలించినచోట ఫలించినదనియు, ఫలింపనిచోట ఫలింపలేదనియు వ్రాసెను. కుక్కకాటు రోగి బ్రదుకలేదు. బాధ మాత్రము తగ్గినదని దాపరికము లేక తెలిపెను. నలువది దినముల పసికందునకు వచ్చిన మూర్ఛలు ఆ మందుచే నిలిచిన వృత్తాంతమును గూడ ఆతడు లోకమున కెఱిగించెను. ముందు గ్రంథము, పిదప జంతువు, కడపట రోగి; అన్నిటికిని మించి సత్యకథనము. పరిశోధన యనగా నిదియే.

అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు రెండవ ఘట్టము వచ్చినది. గంజాయి వలన హిందూదేశపు పిచ్చాసుపత్రులు నిండిపోవుచున్నవని ఇంగ్లండు పార్లమెంటులో గోల పుట్టగా, 1893లో ఏడుగురు సభ్యులతో ఒక కమీషను ఏర్పడెను. అందు మువ్వురు భారతీయులు. వారు దేశమంతట తిరిగి 1,193 మంది సాక్షుల వాఙ్మూలములు గైకొని 1894లో తమ నివేదికను సమర్పించిరి. అందు నేటికిని మనము చదువదగిన భాగము పిచ్చాసుపత్రులను గూర్చినది. 1892లో ఆ ఆసుపత్రులలో చేరిన 1,344 మందిలో 222 మందికి పిచ్చి పట్టుటకు గంజాయి మొదలగు మత్తులే కారణమని రిజిస్టరులలో వ్రాయబడియుండెను. కమీషనువారు ఒక్కొక్క రోగి చరిత్రను మరల విచారించి చూడగా ఆ సంఖ్య 98కి దిగెను. ఏలయన, రోగిని పట్టి తెచ్చిన పోలీసుజవాను చెప్పిన మాటయే తరచు రిజిస్టరునకు ఎక్కుచుండెను. కారణమను గడి ఖాళీగ నుండరాదు గనుక గంజాయి యని వ్రాసివేయుట వాడుకయై పోయెను. ఒకరు వ్రాసినదానిని వేరొకరు నమ్మిరి. నమ్మినదానిని పార్లమెంటులో శాస్త్రమని చదివిరి.

ఆ కమీషను మితముగ వాడువారికి గంజాయి చెప్పుకోదగిన హాని చేయదనియు, మితిమీరినచో హాని కలదనియు, సంపూర్ణ నిషేధ మనవసరమనియు, పన్ను వేసి అదుపులో నుంచుట చాలుననియు తీర్పు చెప్పెను. నాటి పరదేశప్రభుత్వమునకు గంజాయిపై అబ్కారీ ఆదాయము కలదన్న సంగతి మనము మరువరాదు. కావున వారి సిఫార్సును సంశయముతో చదువుదము. వారి విచారణ పద్ధతిని మాత్రము గౌరవముతో చదువుదము. రాబడి యాశ యొకవంకను, భయము మరియొకవంకను సత్యమును ఎట్లు వంచునో ఆ యేడు సంపుటములే చెప్పుచున్నవి.

పిదప చాలకాలము నిశ్శబ్దము. గంజాయి సత్తువ ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క రీతిగ నుండుటచేతను, సూదిమందులు మొదలగు క్రొత్త ఔషధములు వచ్చుటచేతను, వైద్యులు దానిని విడిచిరి. 1932లో బ్రిటిషు ఔషధకోశమునుండియు, 1942లో అమెరికా ఔషధకోశమునుండియు అది తొలగింపబడెను. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక దానిని మిక్కిలి కఠినమైన పట్టికలో చేర్చెను. 1970లో అమెరికావారు చేసిన శాసనము, వైద్యమున నంగీకృతమైన ఉపయోగమేదియు లేని వస్తువుల వరుసలో దానిని నిలిపెను. ఆ దేశమున పరిశోధకులకు కావలసిన గంజాయిని పండించు అధికారము 1968 మొదలు అర్ధశతాబ్దికి పైగా మిసిసిపీ విశ్వవిద్యాలయమున కొక్కదానికే యుండెను. 2021లో గాని ఇతరులకు అనుమతి దొరకలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్సు రోగులకు గంజాయి మేలుచేయునేమో చూడగోరిన డోనాల్డ్ ఏబ్రమ్స్ అను వైద్యుడు 1992 మొదలు అయిదేండ్లు ప్రభుత్వపు గడపలు త్రొక్కెను. కడకు దాని వలని మేలును గాక, కీడును పరీక్షింతునని దరఖాస్తు మార్చి వ్రాసికొన్న పిదప గాని ఆతనికి ఆ సరకు లభింపలేదు. ఉపయోగము ఋజువు కాలేదు గనుక పరిశోధన కూడదు. పరిశోధన లేదు గనుక ఉపయోగము ఋజువు కాదు. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదన్న మన సామెత ఇచ్చట అక్షరాల సరిపోవుచున్నది.

ఈ చిక్కుముడిని విప్పుటకు ఒక విశ్వవిద్యాలయము పూనుకొన్న విధమును మన పాఠకు లెరుగవలెను. 1996 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రప్రజలు, వైద్యుని సలహాపై రోగులు గంజాయి వాడుకొనవచ్చునని ఓటు ద్వారా శాసనము చేసికొనిరి. ఓటు చట్టమును మార్చగలదు; ఒక మందు పనిచేయునో లేదో ఓటు చెప్పజాలదు. ఈ సంగతిని గ్రహించి అచ్చటి సెనేటరు జాన్ వాస్కన్‌సెలోస్ 1999లో పరిశోధన కొరకు వేరొక శాసనమును తెచ్చెను. తత్ఫలితముగ 2000లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ తోడ్పాటుతో, ఔషధ గంజాయి పరిశోధన కేంద్రము వెలసినది. ద్రవ్యము రాష్ట్రఖజానా నుండి వచ్చినది. 2016లో వయోజనులందరకు గంజాయి అమ్మకమును అనుమతించిన రెండవ ప్రజాశాసనము, వచ్చెడి పన్నులలోనుండి యేటేట ఇరువది లక్షల డాలర్లు ఈ కేంద్రమునకును, ఆ చట్టము వలన కలుగు మంచిచెడ్డలను విచారించుటకు కోటి డాలర్లు రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములకును కేటాయించెను. ఆ చట్టమును మేము మెచ్చుకొనుట లేదు. తాము తీసిన తలుపులోనుండి ఏమి వచ్చుచున్నదో చూచుటకు కాపలాదారును గూడ నియమించుకొన్న వారి ముందుచూపును మాత్రము మెచ్చుకొనుచున్నాము.

ఆ కేంద్రము వలన తేలినదేమి? మూడు పరీక్షలు చెప్పెదము. మొదటిది, పైని చెప్పిన ఏబ్రమ్సు వైద్యుడు 2007లో ప్రకటించినది. హెచ్.ఐ.వి. వలన నరముల నొప్పితో బాధపడు ఏబదిమంది రోగులలో కొందరకు గంజాయి చుట్టలును, కొందరకు మత్తుద్రవ్యమును తీసివేసిన చుట్టలును అయిదు దినము లిచ్చిరి. ఎవరి కేది యిచ్చినదియు రోగికి తెలియనీయలేదు. నిజమైన చుట్ట త్రాగినవారిలో నూటికి 52 మందికి నొప్పి మూడవవంతు దాక తగ్గెను. ఉత్త చుట్ట త్రాగినవారిలో నూటికి 24 మందికి అట్లే తగ్గెను. ఇందు రెండు పాఠములున్నవి. మందు పనిచేసినది, మందు లేకున్నను మందున్నదను నమ్మకము గూడ నలుగురిలో నొకనికి పనిచేసినది. ‘నేను వాడితిని, నాకు తగ్గినది’ యను సాక్ష్యము ఒక్కటియే చాలదని దీనివలన తేటపడును.

రెండవది శాన్‌డియాగోలోనే జరిగినది. ఆరోగ్యవంతులగు పదునైదుగురి చర్మములోనికి మిరపకాయ కారమునందలి సత్త్వమును ఎక్కించి, నొప్పి పుట్టించి, వేరువేరు పాళ్ళలో గంజాయి నిచ్చి చూచిరి. తక్కువ పాలు ఏమియు చేయలేదు. నడిమి పాలు నొప్పిని తగ్గించెను. ఎక్కువ పాలు నొప్పిని పెంచెను! ఎక్కువ మత్తుచే ఎక్కువ ఉపశమనము కలుగునని తలచు అమాయకునకు ఇంతకంటె హితబోధ ఏ స్వచ్ఛంద సేవకుడు చేయగలడు?

మూడవది ప్రజారోగ్యమునకు సంబంధించినది, 2022లో ప్రకటింపబడినది. గంజాయి అలవాటుగల 191 మందిని, పొగ త్రాగించిన పిదప, కారు నడపుటను అనుకరించు యంత్రముపై కూర్చుండబెట్టి పరీక్షించిరి. అరగంటకును, గంటన్నరకును వారి నడక చెడియే యున్నది. గంటన్నర కాగానే వారిలో అనేకులు తాము బండి నడపుటకు తగియున్నామని తలచిరి, వాస్తవమునకు తగియుండలేదు. నాలుగున్నర గంటలకు గాని ఆ తేడా అణగలేదు. అంతేకాదు. రక్తములో మత్తుద్రవ్యమెంత యున్నదో కొలిచినంతమాత్రమున ఎవడు చెడుగ నడపునో చెప్పుట వీలుకాలేదు. అనగా, సారాయి త్రాగినవానిని ఊదించి పట్టుకొనునట్లు గంజాయివానిని ఒక్క కొలతతో పట్టుకొనరాదు. రాత్రివేళ రహదారిపై లారీ కెదురుగ వచ్చు ప్రతి బాటసారి ప్రాణమును ఈ జ్ఞానముతో ముడిపడి యున్నది. గంజాయిని మెచ్చుకొనుటకే ఇట్టి కేంద్రములు వెలయునని శంకించువారు ఈ పరీక్షను జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఇతర దేశములలో గూడ ఈ కృషి సాగినది. జెరూసలేము హీబ్రూ విశ్వవిద్యాలయ విఖ్యాతుడగు మెషూలం తన సహచరుడు గావోనీతో 1964లో మత్తుగొలుపు ద్రవ్యమును వేరుచేసి దాని నిర్మాణమును తెలిపెను. మానవుని మెదడు తనంతట తానే అట్టి ద్రవ్యము నొకదానిని పుట్టించుకొనునని 1992లో ఆతని బృందమే కనిపెట్టెను. దానికి వారు పెట్టిన పేరు ఆనందమైడ్. మన సంస్కృతపదమగు ‘ఆనందము’నుండియే ఆ పేరు గైకొనిరి. మాట మనది, పని వారిది. ఇది విని గర్వపడవలెనో, సిగ్గుపడవలెనో పాఠకులే చెప్పవలెను.

ఓషానెసీ కలకత్తాలో పసికందు మూర్ఛలను నిలిపిన పిమ్మట నూటయెనుబది సంవత్సరములకు, 2018 జూన్ మాసమున, గంజాయినుండి తీసిన కానబిడయాల్ అను మత్తులేని ద్రవ్యమును పిల్లల ఘోరమైన మూర్ఛవ్యాధులు రెండింటికి మందుగ అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. అంతకు ముందు 120 మంది రోగులపై జరిగిన పరీక్షలో ఆ మందు పుచ్చుకొన్నవారికి నెలకు సుమారు పండ్రెండుగ నుండిన మూర్ఛలు ఆరింటికి తగ్గినవి. ఉత్తమందు పుచ్చుకొన్నవారికి తగ్గుదల లెక్కకు రానిది. నిద్రమత్తు, కాలేయమున మార్పులు మొదలగు దోషములు గూడ కనబడినవి. వానిని గూడ ప్రకటించిరి. దానిని తయారుచేసినది ఒక ఆంగ్ల కంపెనీ. అమెరికాలో మొదట చెప్పిన వెల సాలుకు సుమారు 32,500 డాలర్లు. కలకత్తాలో పుట్టిన జ్ఞానము లండను మీదుగ తిరిగి మన రోగికి అందరాని వెలతో ఎదుట నిలిచినది. పరిశోధన చేయని జాతి ఫలితమును కొనవలసినదే.

అంతమాత్రమున గంజాయి సర్వరోగనివారిణి కాదు. అమెరికా జాతీయ విద్వత్పరిషత్తువారు 2017లో పదివేలకు పైగా పరిశోధనల సంగ్రహములను వడబోసి ఒక నివేదిక వెలువరించిరి. పెద్దవారి దీర్ఘకాలపు నొప్పి, క్యాన్సరు చికిత్స వలని వాంతులు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధిలోని కండరముల బిగువు - ఈ మూడింటియందే వారికి బలమైన ఆధారములు కనబడెను. హానియందును అంత బలమైన ఆధారములే కనబడెను: మతిభ్రమణ వ్యాధులు, వాహనప్రమాదములు, గర్భిణి పొగ త్రాగినచో శిశువు బరువు తగ్గుట. 2019లో ఐరోపా, బ్రెజిల్ పట్టణములు పదునొకొండింటిలో జరిగిన విచారణలో, మిక్కిలి సత్తువగల గంజాయిని ప్రతిదినము త్రాగువారికి మతిభ్రమణ వ్యాధి కలుగు అవకాశము, త్రాగనివారికంటె సుమారు అయిదు రెట్లని తేలినది. 1894 నాటి కమీషను మితవాడుకను గూర్చి చెప్పినమాట నాటి మొక్కకు చెల్లవచ్చును. నేటి మొక్కకు చెల్లునో లేదో కొలిచిననే గాని తెలియదు.

ఇక మన దేశపు సంగతి. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టమే నేటి శాసనము. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ చట్టముతో ప్రతినిత్యము పని తగులుచున్నది. ఇరువది కిలోలకు మించినచో తక్కువలో తక్కువ పదియేండ్ల కఠినశిక్ష, లక్ష రూపాయల జుల్మానా. బెయిలు దొరకుట దుర్లభము. శిక్ష విధించునపుడు చట్టము సరకు తూకమునే చూచును గాని సత్తువను చూడదు. చట్టము దృష్టిలో గంజాయి యనగా పూతకొమ్మలే. కొమ్మలు లేని ఆకును, గింజను లెక్కింపరాదు. అయినను ఆకు, కాడ, గింజ కలిపి తూచిరని వాదించుటయే డిఫెన్సువారి నిత్యకృత్యమైనది. కూలికొరకు మూట మోసిన మన్యపు యువకుడు జైలులో సంవత్సరములు గడుపును; మూట కట్టించినవాని పేరు తరచు చార్జిషీటున కెక్కదు. సత్తువ యెరుగని తూకముపై ఒక మనుష్యుని యౌవనము వ్రేలాడుచుండగా, ఆ సత్తువను కొలువుడని విశ్వవిద్యాలయములను కోరుట తప్పా?

ఈ చట్టము పరిశోధనకు అడ్డమని కొందరందురు. అది సరికాదు. ఎనిమిదవ సెక్షనులోనే వైద్యమునకును, శాస్త్రమునకును వెసులుబాటు కలదు. పదవ సెక్షను ప్రకారము గంజాయి మొక్కల సాగును నియమములతో అనుమతించు అధికారము రాష్ట్రప్రభుత్వములకే కలదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మత్తుమందుల సంఘము, 1961 ఒడంబడికలోని అతికఠినమైన పట్టికనుండి గంజాయిని తొలగించినప్పుడు ఇరువదియేడుగురు అనుకూలముగను, ఇరువదియైదుగురు ప్రతికూలముగను ఓటు చేసిరి. అనుకూలురలో భారతదేశ మొకటి. వియన్నాలో చేయెత్తిన మనము ఇంట చేతులు కట్టుకొని కూర్చుండుట న్యాయమా?

కొన్ని అడుగులు పడకపోలేదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు జరిపి 2019లో ప్రకటించిన జాతీయ విచారణవలన, దేశమున మూడుకోట్ల పైచిలుకు జనులు సంవత్సరములో ఒకమారైనను భంగునో, గంజాయినో, చరసునో పుచ్చుకొన్నారని తెలిసినది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనాలయము ఒక కెనడా కంపెనీతో కలిసి ఔషధ గంజాయిని సాగుచేయ మొదలిడినది. 2025 జనవరిలో హిమాచల ప్రభుత్వము పాలంపూరు, నౌణీ విశ్వవిద్యాలయములకు సాగును గూర్చిన అధ్యయనమును అప్పగించినది. ఇంకొకవంక ‘విజయ’ యను ఆయుర్వేద నామమున తైలములు, గుళికలు అమ్ము కంపెనీలు పట్టణములలో వెలసినవి. నిద్రకు, నొప్పికి, దిగులునకు అన్నిటికి అదియే మందని వారి ప్రకటనలు ఘోషించుచున్నవి. మన పూర్వులు దాని గుణమును దోషమును గూడ గుర్తించిరి. మన ఔషధనియమములు దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగిన విషద్రవ్యముల పట్టికలో చేర్చినవి. ఋషుల పేర వ్యాపారము చేయువాడు ఋషి కాడు. నిషేధించువాడు కాల్చివేయును, వర్తకుడు సీసాలో పోసి అమ్మును. నడుమ సత్యము చెప్పువాడు లేడు. ఆ లోటు తీర్చుటకే విశ్వవిద్యాలయము.

కావున మా సూచనలు ఇవి. మన్యమునకు వాకిలియైన విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కలదు. 1923లో స్థాపితమైన ఆంధ్రవైద్యకళాశాల కలదు. దాని ప్రక్కనే కింగ్ జార్జి ఆసుపత్రి, అదే పట్టణమున మానసిక వైద్యశాల కలవు. మన్యము నడిబొడ్డున చింతపల్లిలో ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పరిశోధనస్థానము కలదు. మొక్కయు, రోగియు, రసాయనశాలయు, వైద్యుడును ఇంత చేరువగ నున్న తావు దేశమున అరుదు. వీరందరిని ఒక్క కేంద్రముగ చేర్పవలెను.

దాని ద్రవ్యము రాష్ట్రఖజానానుండియే రావలెను. కంపెనీల సొమ్ము ఒక్క రూపాయి యైనను తాకరాదు. అబ్కారీ రాబడితో దానికి లంకె పెట్టరాదు. పట్టుబడిన గంజాయిని కాల్చుటకు ముందు, న్యాయస్థానపు అనుమతితో, ప్రతి రాశినుండి కొంత తీసి సత్తువను కొలిచి యేటేట ప్రకటింపవలెను. మానసిక వైద్యశాలకు వచ్చు యువకుల చరిత్రలను 1892 నాటి రిజిస్టరులవలె గాక, విచారించి, నిజము తేల్చి వ్రాయవలెను. మందులకు లొంగని మూర్ఛలుగల పిల్లలకు, తల్లిదండ్రుల సమ్మతితో, నీతిసంఘముల కనుసన్నలలో, శుద్ధమైన ద్రవ్యముతో పరీక్షలు జరుపవలెను. ఫలితములు అనుకూలములైనను, ప్రతికూలములైనను, ఇంగ్లీషు పత్రికలలో ప్రకటించి యూరకొనక, పఠనమందిరమున కూర్చున్న సామాన్యుడు చదువుకొనునట్లు తెలుగున వెలువరింపవలెను.

దీనివలన యువకులకు తప్పుడు బోధ కలుగదా యని మా మిత్రు లడిగిరి. మేము చెప్పునదేమన, యువకులు మూఢులు కారు. గంజాయి త్రాగినవాడు ఆ రాత్రియే పిచ్చివాడగునని మనము చెప్పినచో, మరునాడు తెల్లవారి సుఖముగ లేచిన స్నేహితుని చూచి వారు మన మాటలన్నియు అబద్ధములని త్రోసివేయుదురు. ఎంత సత్తువకు, ఎంత కాలమునకు, ఏ ప్రాయమున, ఎంతమందిలో ఎందరకు హాని కలుగునో అంకెలతో చెప్పగలిగిననాడు మన మాట నిలుచును. అతిశయోక్తి కొంతకాలము భయపెట్టును. సత్యము చిరకాలము కాపాడును. ఈ ప్రచారమున తిరిగి అలసిన మేము అనుభవమున నేర్చుకొన్న సంగతి యిది.

మన్యపు గిరిజనునకు గంజాయి సాగు దారి కావలెనని మేము కోరుటలేదు. వాని కొండపై కాఫీయు, మిరియమును పండుచున్నవి. వానికి న్యాయమైన ధర యిచ్చుట వేరు కర్తవ్యము. మేము కోరునది, ఒక మొక్క పేర జైలుకు పోవువాడును, దాని పేర మోసపోవువాడును, దానివలన చెడిపోవువాడును, దానివలన బహుశః బాగుపడగల పసిబిడ్డయు మనవారే కనుక, ఆ మొక్క నిజస్వరూపము మనకు తెలియవలెనని. కలకత్తాలో ఒక పరదేశీయుడు మన పండితుల చెంత కూర్చుండి ఆరంభించిన పనిని మన విద్యార్థులు విశాఖలో ముగింతురు గాక. శాసనసభ్యులు రాబోవు బడ్జెటులో దీనికొక పద్దును చేర్చెదరని, విశ్వవిద్యాలయపు పెద్దలు తామై ముందునకు వచ్చి దానిని అడిగెదరని మా యాకాంక్ష. అడుగనిదే అమ్మయైన పెట్టదు. తొలుత ప్రజలు అడుగవలెను.